స్పానిష్‌లో పోయొస్త
రెండు వేల సంవత్సరం దాటాక, శామీర్‌పేట చుట్టూ చేలన్నీ ప్లాట్లవుతున్న రోజుల్లో నేను స్పానిష్ నేర్చుకున్నాను. మా లాల్‌గడి మలక్‌పేటలో ఆ మాట చెబితే అదేం రోగమని అడిగినవాళ్లున్నారు. మేడ్చల్ దారిలో ఒక విత్తనాల కంపెనీ దక్షిణ అమెరికాకు కూరగాయల విత్తనాలు పంపేది. ఫోన్లు మాట్లాడడానికి వాళ్లకు స్పానిష్ వచ్చిన మనిషి కావాలి. సికింద్రాబాద్‌లో నేను చేరిన స్పానిష్ క్లాసులో పరీక్ష గట్టెక్కితే ఆ ఉద్యోగం నాదేనని మాట ఇచ్చారు.

మా బాపుకు శామీర్‌పేట చౌరస్తాలో ప్లాట్లమ్మే ఆఫీసుండేది. వచ్చినవాళ్లకు నీళ్లిచ్చి లేఅవుట్ చూపించడానికి నన్ను అందులో కూర్చోబెట్టాలని ఆయన పట్టుదల. డిగ్రీ చేసింది మంచినీళ్లందించడానికా అని నాకు ఒళ్లు మండేది. గొడవపడి గొడవపడి చివరికి ఒక ఒప్పందానికొచ్చాం.

“పరీక్షల పాసైనవా, నీ ఇష్టం. కాలేదా, ఒకటో తారీఖు సంది వచ్చి ఆఫీసుల కూసో,” అన్నాడు బాపు.

భవిష్యత్ కాలం దగ్గరే అందరూ బోల్తా పడతారని క్లాసులో భయపెట్టారు. నాకేమో అదే నచ్చింది. క్రియను ఉన్నదున్నట్టు ఉంచి చివర తోక తగిలిస్తే చాలు. ‘ఆబ్లార్’ మాట్లాడటం, ‘ఆబ్లారే’ మాట్లాడతాను. ‘కొమేర్’ తినడం, ‘కొమేరే’ తింటాను. నాకో తోక, నీకో తోక, వాళ్లకో తోక. పొద్దున్నే అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ గట్టిగా వల్లించేదాన్ని.

పక్కన కూర్చున్న అవ్వ, అదే మా బాపు వాళ్లమ్మ, ఒక్కోదానికీ అర్థం అడిగేది. ‘ఇరే’ దగ్గర చిక్కొచ్చింది. పోతాను అని చెప్పగానే చేతిలో కాయ పక్కన పెట్టేసింది.

“పొద్దుగాల పొద్దుగాల పోత పోత అంటవేంది బిడ్డా? పోయొస్త అనాలె.”

ఏ భాషైనా ఆమెకు ఒకటే. ఇంట్లోంచి కదిలేవాళ్లు ఉత్త ‘పోత’ అనకూడదు. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు కాబట్టి, తిరిగొస్తాను అనే ‘బోల్బెరే’ని కూడా పక్కన చేర్చాను. ఇక రోజూ ‘ఇరే, బోల్బెరే’. నాలుక దానికే అలవాటు పడిపోయింది.

నోటి పరీక్ష పెట్టింది మాడ్రిడ్ నుంచి వచ్చిన ఒకావిడ. వెళ్లడం అనే క్రియను భవిష్యత్ కాలంలో చెప్పమంది. ఇరే బోల్బెరే, ఇరాస్ బోల్బెరాస్, ఇరా బోల్బెరా అంటూ రైలు బండిలా చివరిదాకా పోయాను. ఆగాక గానీ, అడగని క్రియను వెంటేసుకొచ్చానని తెలియలేదు. ఆవిడ కలం ఆగిపోయింది. నా కళ్ల ముందు బాపు ఆఫీసు కుర్చీ, దాని పక్కన నీళ్ల కుండ కనబడ్డాయి.

ఆ రెండోది ఎందుకని స్పానిష్‌లోనే అడిగింది. దానికి పుస్తకంలో జవాబు లేదు. ఉత్తగా పోతానంటే మా అవ్వ గడప దాటనివ్వదని, మళ్లీ వస్తానంటేనే దారి వదులుతుందని నాకు నేనే కూర్చుకుని చెప్పాను. తోకలు ఒక్కటీ తప్పలేదు. ఎవరూ నేర్పని వాక్యం నా నోట్లోంచి స్పానిష్‌లో రావడం అదే మొదలు. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది, మీ అవ్వ గురించి ఇంకా చెప్పమంది. ఇక నన్నాపేదెవరు? చిక్కుడుకాయలు, బాపు ప్లాట్లు, మా ఊరి బస్సు, వచ్చిన మాటలన్నీ వాడేశాను.

పాసయ్యాను. మంచి మార్కులతోనే పాసయ్యాను. బాపు ఆఫీసు కుర్చీలో మా మేనత్త కొడుకును కూర్చోబెట్టి, చౌరస్తాలో కనబడ్డ ప్రతివాడికీ నా బిడ్డ అమెరికాతోని మాట్లాడుతదని చెప్పుకున్నాడట. ఆ మాట విని నేను నేల మీద నడవలేదు, దాచడమెందుకు.

ఉద్యోగానికి బయల్దేరిన మొదటి రోజు టిఫిన్ డబ్బా పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను. అవ్వను ఏడిపిద్దామని “ఇరే” అని ఊరుకున్నాను. ఆమె చేతికర్ర గడపకు అడ్డం పెట్టింది.

“రెండోది ఎవరంటరు?”

“బోల్బెరే,” అన్నాను. అప్పుడు కర్ర తీసింది.