వద్దని చెప్పడానికి ఖాజాగూడ దాకా

వికారాబాద్‌లో పొద్దున ఏడు గంటల ప్యాసింజరు ఎక్కినప్పుడు నా సంచిలో ఒక జత బట్టలు, అమ్మీ కట్టిచ్చిన జొన్నరొట్టెలు ఉన్నాయి. నాకు మాత్రం నీళ్ళు కూడా గొంతు దిగడం లేదు. డెబ్బైల మొదట్లో, సీతాఫలాలు పండే రోజులవి. ఆ ఏడే నేను కెమిస్ట్రీతో బి.ఎస్సీ. పాసయ్యాను. కూకట్‌పల్లి దగ్గర ఒక సారాయి ఫ్యాక్టరీలో కెమిస్టు ఉద్యోగం ఖాయమైంది. ఖాయం చేయించింది అమ్మీకి అన్న అయిన యాకూబ్ మామూ. ఆ ఉద్యోగంలో చేరనని ఆయనకు చెప్పడానికే వెళుతున్నాను.

మా అబ్బా నా చిన్నప్పుడే పోయారు. మామూ ఖాజాగూడ రాళ్ళ క్వారీలో తూటాలు పేల్చే మేస్త్రీ. నా ఫీజులు, పుస్తకాలు, పండక్కి కొత్త బట్టలు అన్నీ ఆయన చెమటే. మా ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఉద్యోగం సంగతి తెలిసిన రోజే నేను మసీదులో ఇమాం సాబ్‌ను అడిగాను. తాగడం ఒక్కటే కాదు, తయారుచేయడం, అమ్మడం కూడా మన దీన్‌లో హరామే, మతం ఒప్పదు అన్నారాయన. "నాకు తెలిసింది నేను చెప్పిన. మీ మామూకు మాత్రం నువ్వే చెప్పుకోవాలె" అని లేచి వెళ్ళిపోయారు.

రైల్లో ఎదురుగా సీతాఫలాల గంపతో ఒక పెద్దమ్మ కూర్చుంది. "ఏంది బిడ్డా, గంత పరేషాన్‌ల ఉన్నవ్? నౌకరీ కోసం పోతున్నవా?" అని అడిగింది.

"వచ్చిన నౌకరీ వద్దని చెప్పనీకి పోతున్న."

ఆమె నన్ను జ్వరమొచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది. ఒక పండు తీసి చేతిలో పెట్టి, "గిది తిను. తిని మల్ల ఒకసారి సోంచాయించు" అంది.

తొమ్మిది దాటాక లింగంపల్లిలో దిగాను. అక్కణ్ణుంచి ఖాజాగూడకు బస్సు లేదు. గచ్చిబౌలి దాకా ఒక ఎడ్లబండి అతను ఎక్కించుకున్నాడు, ఆపైన నడకే. నేడు అద్దాల మేడలున్న ఆ దారి పొడుగునా అప్పుడు జొన్నచేలు, తంగేడు పొదలు, ఒకదాని మీద ఒకటి ఎవరో నిలబెట్టినట్టుండే గుండ్రటి బండలు. మనిషి ఎదురుపడడమే అరుదు. ఆ దారిన నడిచేవాడికి నీళ్ళు వెంట ఉండాలి, నేను తెచ్చుకోలేదు. మామూకు చెప్పాల్సిన మాటలు పైకే అనుకుంటూ నడిచాను. ఎన్నిసార్లు అనుకున్నా "మామూ" అన్న తర్వాత నోరు పెగల్లేదు.

క్వారీ కనబడేసరికి పన్నెండు కావస్తోంది. బండ మీద ఎర్రగుడ్డ ఎగురుతోంది. "ఆగు! ఆగు!" అని ఎవరో అరిచారు. అంతలోనే మామూ పరుగున వచ్చి నా రెక్క పట్టి లాగి ఒక పెద్ద బండ చాటున కూలేశాడు.

"కండ్లు కనిపిస్తలేవా? ఒత్తులు ముట్టిచ్చి వచ్చిన!"

మా ఇళ్ళలో మాట్లాడుకునేది ఉర్దూయే. కానీ క్వారీలో అందరూ తెలుగువాళ్ళు కావడంతో మామూకు కోపమొచ్చినా, కంగారు పుట్టినా తెలుగే వచ్చేది. భూమి అదిరింది. ఒకటి, రెండు, మూడు పేలాయి. చిన్న చిన్న పెంకులు మా ముందు టపటపా రాలాయి. మామూ ఇంకా చెవి రిక్కించి వింటున్నాడు. నాలుగోది పేలలేదు.

"ఇగ జరసేపు కూసోవాలె. ఎవ్వలూ లేవొద్దు!" అని అందరికీ వినపడేట్టు కేకేసి నావైపు తిరిగాడు. మొహంలో కోపం పోయి నవ్వొచ్చింది. "కెమిస్టు సాబ్! చేరకముందే వచ్చినవేంది?"

ఆ నవ్వు ఇంకాసేపు చూస్తే ఇక చెప్పలేననిపించింది.

"మామూ, నేను ఆ నౌకరీ చెయ్య. అది సారాయి."

ఆయన పేలని గుంత ఉన్న వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "దవాఖానల సూది ఇచ్చే ముందు రాస్తరు చూడు, అది గూడ స్పిరిటే కద?"

"దవాఖానకు పోతే చేస్తుంటి మామూ. అక్కడ చేసేది తాగనీకే. నేను అడిగి తెలుసుకున్న."

"ఫ్యాక్టరీ గోడకు పోయేది నా రాయే. గది ఎరికేనా? అంటే నేను తినేది గూడ హరామేనా?"

"మీ రాయి గురించి నేను ఒక్క మాట అన్ననా?"

"అనకున్నా అన్నట్టే!"

లేచి, దులుపుకుని, పేలని గుంత దగ్గరికి నడిచాడు. అది చూసి రావాల్సింది ఆయనే, ఆయన పనే అది. కానీ నా మాట తలలో తిరుగుతుండగా వెళుతున్నాడు. చెయ్యి వణికితే? చూపు తప్పితే? బండ చాటున బోర్లా పడుకుని నాకు తెలిసిన దువాలన్నీ చదివాను. నా ధర్మం నేను నిలబెట్టుకోవడానికి ఈ గడియే దొరికిందా అని నన్ను నేను తిట్టుకున్నాను. చివరికి ఆయన తల బండల మీదుగా కనబడింది. ఎర్రగుడ్డ దించేశాడు. ఒత్తి మధ్యలోనే ఆరిపోయిందట.

ఇంటికి వెళ్ళాక మామూ భార్య, మా ముమానీ, పప్పు, అన్నం పెట్టింది. మామూ తిని చెయ్యి కడుక్కుంటూ, "మాట ఇచ్చింది నేను. వద్దని నువ్వే చెప్పాలె, మేనేజర్ మొహం మీద. రేపు రాయి లారీల పోదాం" అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే బయల్దేరాం. రాళ్ళు నిండిన లారీ రాయదుర్గం, మాదాపూర్ మీదుగా మూలుగుతూ నడిచింది. డ్రైవరుకూ నాకూ మధ్య మామూ బిగుసుకుని కూర్చున్నాడు. ఆయన భుజం నా భుజానికి తగులుతూనే ఉంది, ఆయన మాత్రం రోడ్డునే చూస్తున్నాడు. ఎనిమిదింటికి కూకట్‌పల్లి దాటి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగాం. పులిసిన వాసన రోడ్డు దాకా వస్తోంది.

మేనేజరు కోస్తావైపు ఆయన. మర్యాదగా కుర్చీ చూపించారు. నిలబడే చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"మా దగ్గర మీవాళ్ళు చాలామందే పని చేస్తున్నారయ్యా. వాళ్ళకు లేని పట్టింపు నీకెందుకు?" తర్వాత మామూ వైపు తిరిగారు. "ఏమండీ మేస్త్రీ గారూ, మీ మాట మీద మరో ఇద్దర్ని పంపించేశాను. ఇదేనా మీ మాట? కుర్రాడికి నాలుగు తగిలించి చెప్పలేరా?"

మామూ నా తరఫున ఒక్క మాట కూడా అనడనుకున్నాను. అనాల్సిన అవసరమూ లేదు. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తప్పు నాది సార్. పిల్లగాన్ని అడగకుండ మాట ఇచ్చిన. తిట్టేదుంటే నన్ను తిట్టుండ్రి. ఖుదా దగ్గర వాని జవాబు వాడే చెప్పుకోవాలె, నేను చెప్పలేను కద?"

"అలాగా! అయితే మీ రాయి కూడా మాకొద్దు. వెనక్కి తీసుకెళ్ళండి."

"మీ మర్జీ సార్."

నింపిన లారీ నింపినట్టే గేటు బయటికి వచ్చింది. రోడ్డు పక్క హోటల్లో మామూ రెండు చాయ్‌లు చెప్పాడు. నేను మాఫీ అడగబోతే చెయ్యెత్తి ఆపాడు.

"మాట్లాడకు. నా కోపం ఇంకా తగ్గలే." చాయ్ సగం తాగాక అడిగాడు, "ఇగ ఏం చేస్తవ్?"

"తెలవదు మామూ."

"తెలవకుంటనే వద్దన్నవా?"

"ఆ."

నా మొహంలోకి చూశాడు, పొద్దుట్నుంచి మొదటిసారి. కప్పు కింద పెట్టి, "బస్సొస్తుంది, లెవ్వు" అన్నాడు. పటాన్‌చెరు బస్సు ఎక్కించాడు, లింగంపల్లిలో దిగితే సరిపోతుంది. బస్సు కదులుతుండగా కిటికీ దగ్గరికొచ్చి, "వచ్చే శుక్రవారం జుమ్మాకు రా. మీ ముమానీ ఎదురుచూస్తది" అని గబగబా లారీ వైపు వెళ్ళిపోయాడు.

సాయంత్రం రైలుకు చాలా టైముంది. లింగంపల్లి ప్లాట్‌ఫారం చివర రుమాలు పరుచుకుని, పొద్దు వాలాక చేసే అసర్ నమాజు చదివాను. మంచి పని చేస్తే మనసు తేలికవుతుందని విన్నాను. నాకు తేలిక కాలేదు. వద్దన్నది నేను, బరువు మోసుకుని వెనక్కి వెళ్ళింది మామూ. ధర్మం నా ఒక్కడిదే అనుకుని బయల్దేరినవాణ్ణి, దాని ఖరీదు ఇంకొకరి చేత కూడా కట్టించి వస్తున్నాను. అయినా మళ్ళీ అదే గేటు ముందు నిలబెడితే అదే మాట చెబుతాను. ఈ రెండూ నిజమే. ఒకటి రెండోదాన్ని చెరిపేయదు. మరుసటి ఏడాది మంచినీళ్ళు పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేముందు ఖాజాగూడ వెళ్ళి సరేనా అని మామూను అడిగింది అందుకే.

రైలు శంకర్‌పల్లి దాటుతుంటే పక్కనున్న పెద్దమనిషి పలకరించాడు. "పట్నంల నౌకరీనా, బాబూ?"

"ఇంకా లేదు" అన్నాను. అమ్మీ కట్టిచ్చిన రొట్టె మూట విప్పి, ఆయనకొకటిచ్చి, నేనూ తినడం మొదలుపెట్టాను. రొట్టె ఎండి గట్టిపడింది, కానీ గొంతు దిగింది.