సున్నం పూసిన పన్నెండు రాళ్లు

మా పక్కింటి తాతగారు పోయారు. సోమవారం పొద్దున పళ్లు తోముకుంటుంటే ముళ్లకంప అవతల నుంచి ఆయన భార్య, మేమంతా అవ్వ అంటాం, మామూలు గొంతుతోనే చెప్పింది: "తాత పోయిండు బిడ్డా. పొద్దుగాల లేపితే లేవలే." నోట్లో నురుగుతో అలాగే నిలబడిపోయాను. ఆ మనిషిని నేను ఒకప్పుడు దొంగ అన్నాను. అది దాచి ఆయన మంచితనం గురించి రాయడం నా వల్ల కాదు. అందుకే ముందుగా అదే చెబుతున్నాను.

రెండున్నరేళ్ల కిందట మా మేనత్త కొండాపూర్‌లోని తన ఇల్లు, పెరడు నా పేర రాసి కన్నుమూసింది. ఆవిడ నర్సు. చుట్టూ బండరాళ్లు, సీతాఫలం పొదలు తప్ప ఏమీ లేని రోజుల్లో అక్కడ జాగా కొనుక్కుంది. నేను కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి ఆ ఇంట్లో దిగేసరికి, అవతల హైటెక్ సిటీ భవనం అంతస్తు మీద అంతస్తు లేస్తోంది. ఆఫీసులో ఎవరిని కదిపినా ఒకటే మాట. "కొండాపూర్లో జాగానా? కబ్జా చేసేస్తారండీ. రాళ్లు పాతారంటే ఇక మీది కాదన్నట్టే."

వచ్చిన మూడో రోజు పెరట్లోకి వెళ్తే నిజంగానే రాళ్లు కనిపించాయి. సున్నం పూసినవి, పన్నెండు. పక్కింటి కంపకు రెండడుగులు ఇవతల, నూలు పట్టినట్టు వరసగా ఉన్నాయి. సొంతమని చెప్పుకోవడానికి నాకు ఈ లోకంలో ఉన్నది ఆ పెరడొక్కటే. పైగా ఆ పక్కింటాయన జీవితమంతా రాళ్లు కొట్టి బతికినవాడు. ఇంకేం సాక్ష్యం కావాలి? పన్నెండూ పీకి కంప అవతలికి విసిరేశాను.

చప్పుడుకి ఆయన బయటికొచ్చారు. సన్నటి మనిషి, భుజాన తువాల, వేళ్లు మాత్రం బాగా లావు.

"ఏందమ్మా, రాళ్లెందుకు దీసినవ్?"

"నా జాగాలో రాళ్లు పాతడానికి మీరెవరండీ? దొంగతనంగా రెండడుగులు కలుపుకుందామనా?"

ఆయన అరవలేదు. మొహం మాత్రం మాడిపోయింది. "దొంగనా," అని తనలో తాను అనుకుని, చెప్పారు. "కింద మీ అత్త పెట్టిన గడ్డలున్నయ్ బిడ్డా, మే పూల గడ్డలు, ఎండకాలం పూసేటియి. ఎవరూ గడ్డపార దించకుండ జూడన్నా అని దవాఖానల ఉండి చెప్పింది. గుర్తుకని రాళ్లు పెట్టిన."

నేలవంక చూశాను. ఎండి బీటలు వారిన మట్టి. గడ్డిపరకైనా లేదు.

"అయితే తవ్వి చూపించండి."

"నిద్రపోయేదాన్ని లేపి చూపియ్యాల్నా? ఉగాది దాటనియ్యి."

గడువు ఎందుకు అడుగుతున్నాడో నాకు అర్థమైపోయిందనుకున్నాను. ఈలోగా దొంగ కాగితాలు పుట్టిస్తాడు! మర్నాడే అడ్డా మీది నుంచి ఇద్దరు కూలీలను తీసుకొచ్చి, కంప వెంట వెడల్పుగా ప్రహరీకి పునాది తవ్వమన్నాను. ఆయన కంప దాటి వచ్చి, సరిగ్గా వాళ్లు తవ్వాల్సిన చోట బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"పోలీసులను పిలుస్తాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"పిలువు."

ఈ లోపలే ఆ చివర రెండో కూలీ గడ్డపార దించేశాడు. పైకి లాగితే, పెద్ద ఉల్లిపాయ లాంటి దుంప నిలువునా రెండుగా చీలి వచ్చింది, తడి కారుతూ. ఆయన లేచి వెళ్లి, రెండు చెక్కలూ ఏరి తువాలలో చుట్టుకుని, నావైపు చూడకుండా కంప దాటి వెళ్లిపోయారు.

కూలీలను పంపేశాను. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. దొంగ అనడానికి తడుముకోని నోరు, తప్పయిందనడానికి మాత్రం పెగల్లేదు.

ఆ తరవాత రెండు నెలలు నాకు నిద్ర సరిగా లేదు. మా తొక్కుడుకి మిగతా పదకొండూ చచ్చిపోయాయేమో. రాళ్లు నేనే పీకేశాను, ఎక్కడ అడుగు వెయ్యాలో తెలియక పెరట్లో దొంగలా నడిచేదాన్ని. శివరాత్రి దాటాక, పారేద్దామనుకున్న ఎండు మల్లెకంప మొగ్గ తొడిగింది. కరివేపాకు చిగురేసింది. ఉగాది వచ్చి వెళ్లింది. ఆ వరసలో మాత్రం ఏమీ లేదు. కంప అవతల నుంచి ఆయన కూడా నేలవంకే చూసేవారు. మా ఇద్దరికీ మాటల్లేవు.

ఇంకో పది రోజులకు ఒక జల్లు పడింది. తెల్లారి చూస్తే మట్టి పగిలి, ఒక్క ఆకైనా లేకుండా, లావుపాటి ఆకుపచ్చ మొన! నాలుగు రోజుల్లో దాని మీద కొబ్బరికాయంత ఎర్రటి పూబంతి. దాని పక్కన ఇంకోటి. చివరికి పదకొండు, నూలు పట్టినట్టు వరసగా.

"తాతగారూ, రండి, టీ తాగుదురు గాని," అని పిలిచాను. ఆయన పూలవంక చూసి, కంప దాటి వచ్చారు.

"చక్కెర జర ఎక్కువెయ్యి."

గ్లాసు అందిస్తూ ఏడ్చేశాను. "పరేషాన్ గాకు బిడ్డా," అన్నారు. "మీ అత్త గూడ మొదట్ల నన్ను గిట్లనే తిట్టింది. మీ ఇంటి వరసే అంత!"

ప్రహరీ ఇప్పటికీ కట్టలేదు. చలికాలంలో మల్లెకు నీళ్లు ఆపి ఆకు దూయడం, బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకుకు పోయడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నేను నాటిన మర్నాడే మొలక కోసం వంగి చూస్తుంటే, "మట్టికి తొందర లేదు, నీకే ఉన్నది," అని నవ్వేవారు. పూలమొక్కల ఆకులు ఎండిపోయాక మళ్లీ రాళ్లు పెట్టేవాళ్లం. సున్నం నేను పూసేదాన్ని, చోటు ఆయన చూపించేవారు. పదకొండే పెట్టేవాళ్లం. ఆ పన్నెండోదాని సంగతి అడిగితే మల్లెల మీదికి మాట మార్చేవారు.

నిన్న అవ్వను పలకరించడానికి వెళ్లాను. వాళ్ల ఇంటి వెనక నీళ్ల గోళెం పక్కన సున్నం పూసిన చిన్న రాళ్లు రెండు కనిపించాయి.

"అవి నువ్వు తవ్విచ్చిన గడ్డవి," అంది అవ్వ. "సగం దీని కింద, సగం దాని కింద పెట్టిండు. రెండేండ్లు ఉత్త ఆకులే వచ్చినయ్. నీకు జెప్పొద్దన్నడు. పువ్వొచ్చినంక పిలుస్త అన్నడు."

అక్కడే చతికిలబడ్డాను. ఒక రాయి పక్కన మట్టి పగిలి ఉంది. లోపల ఆకుపచ్చ మొన, ఒక్క ఆకైనా లేకుండా. రెండో రాయి పక్కన ఇంకా ఏమీ లేదు. అవ్వ గోళెంలోంచి చెంబుతో నీళ్లు ముంచి నా చేతికిచ్చింది.