శనివారం కాపీ

మా పెద్దమ్మను వీధిలో అందరూ టకటక అంటారు. ముప్పై ఏళ్లు టైపు మిషను మీద కొట్టి, తర్వాత కంప్యూటర్ కొనుక్కుంది. దీని మీటలు మెత్తనివని చెప్పినా ఆమె వేళ్లు నమ్మలేదు. ఇప్పటికీ గోడకు మేకు దిగేసినట్టే కొడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటర్, దుమ్ము పడకుండా దాని మీద పాత దిండు గలేబు. అర్జీలు, అద్దె కాగితాలు, రాజీనామాలు రాయించుకునేవాళ్లు ఆమె ఎదుట స్టూలు మీద కూర్చుని చెబుతారు. విన్నది విన్నట్టు కొట్టడం ఆమె పట్టుదల. మనిషి మధ్యలో "ఉండండి, గుర్తు రావడం లేదు" అంటే అదీ కొట్టేస్తుంది. చివర్లో మాత్రం "ఈ ముక్క ఉంచనా, తీసేయనా?" అని అడుగుతుంది.

ఆమెకు ఇంకో పట్టుదల కూడా ఉంది. ఏ పనికైనా ముందు కాపీ. శనివారం పొద్దున మొహం కడుక్కోగానే చేతిసంచీలోంచి పెన్‌డ్రైవ్ తీసి, కంప్యూటర్‌లో ఉన్నదంతా అందులోకి ఎక్కిస్తుంది.

"నేను పోయినా ఇది పోకూడదే," అంటుంది.

అమ్మ పోయాక నేనూ నాన్నా పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నాం. నాన్న రాయి పొడి చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా దగ్గు మొదలైంది. అది ముదిరి మంచాన పడ్డాక ఆయనకు ఎవరో ఒకరు పక్కన ఉండాలి, నా బడి అక్కడితో ఆగింది. ఆ ఫ్యాక్టరీలో పంతొమ్మిది మందికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. దాని మీద విచారణ వేశారు. అందరి వాంగ్మూలాలూ కొట్టింది పెద్దమ్మే.

నాన్న మొదటిసారి చెప్పినప్పుడు ఇంకా పనిలోకి వెళ్తున్నాడు. ఆ భయంతో, "దుమ్ము లాగే ఫ్యాన్లు ఉన్నాయి. రోజూ తిరిగేవి," అని ఒక పేజీ చెప్పి సంతకం పెట్టాడు. అది విచారణకు వెళ్లిపోయింది. ఏడాది తర్వాత, లేవలేని స్థితిలో, మంచాన్ని ముందుగదిలోకి జరిపించుకున్నాడు.

"వదినా, ఆ రోజు అబద్ధం చెప్పాను. మళ్లీ కొట్టు."

"తెలుసులే. నిజం చెప్పేటప్పుడు దగ్గుతావు నువ్వు. ఆ రోజు ఒక్కసారి కూడా దగ్గలేదు."

నాన్న నవ్వబోయి దగ్గాడు.

ఈసారి మూడు పేజీలు వచ్చాయి. ఫ్యాన్లు రెండేళ్లు ఆపేశారని, ఆపమన్నది ఎవరో, ఆ మాట తన ఎదుట ఏ రోజు అన్నారో అన్నీ చెప్పాడు. పెద్దమ్మ పాత ఫైలు మీదే కొట్టి, అదే పేరుతో ఉంచింది. అబద్ధం పక్కన నిజాన్ని పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. శనివారం కాపీ చేసింది. సోమవారం ప్రింటు తీసి సంతకం పెట్టించాలనుకుంది. ఆదివారం నాన్న పోయాడు.

"సంతకం లేకపోయినా ఆ తేదీతో ఫైలు ఉంది కదా, దాన్నే చూపిద్దాం," అన్నాడు కార్మికుల తరఫు వకీలు. నాన్న నిజం చెప్పి పోయాడనడానికి అదొక్కటే మిగిలింది.

బుధవారం కంప్యూటర్ తెరుచుకోలేదు.

బాగుచేసే అతన్ని స్క్రూ అంటారు. విప్పిన స్క్రూలను నోట్లో పెట్టుకునే మాట్లాడతాడు. శుక్రవారం వచ్చి డబ్బా విప్పి చూశాడు.

"డిస్కు కాలిపోయింది పెద్దమ్మా. ఇందులోంచి ఇంకేమీ రాదు. నా పెళ్లికన్నా పాతది ఇది. నా పెళ్లి పరిస్థితీ ఇలాగే ఉందనుకో."

"నీ పెళ్లికి కాపీ లేదు నాయనా. దీనికి ఉంది," అంది పెద్దమ్మ.

కొత్త డిస్కు బిగించి, పెన్‌డ్రైవ్ కొనకముందు పెద్దమ్మ కాపీలు దాచుకున్న పాత డిస్కు అల్మారాలో ఉంటే, అందులోంచి ఫైళ్లన్నీ ఎక్కించాడు. అవి ఏడాది కిందటివి. కొత్తవి పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయని, వాటిని తనే ఎక్కించుకుంటానని చెప్పి పెద్దమ్మ అతన్ని పంపేసింది.

మర్నాడు శనివారం. పెద్దమ్మ మొహం కడుక్కుని వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టింది. ఏ పనికైనా ముందు కాపీ కదా. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని ముందుగా పెన్‌డ్రైవ్‌లోకి పంపింది. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. వేళ్లు మాత్రం ప్రతి శనివారంలాగే నడిచాయి.

తెర మీద చిన్న గడి వచ్చింది. అక్కడ ఇదే పేరుతో ఫైలు ఉంది, దాన్ని తీసేసి ఇది పెట్టనా అని అడుగుతోంది. మొదటి పేరే నాన్నది. కింద రెండు ఫైళ్ల సైజూ వేసి ఉంది. పెన్‌డ్రైవ్‌లోది నలభై ఒకటి, కంప్యూటర్‌లోది పదహారు. నేను తడిగుడ్డ పట్టుకుని ఆమె వెనకే నిలబడి ఉన్నాను. పెద్దది మూడు పేజీలది కదా, అని తోచింది. మాట నోటిదాకా వచ్చింది. ఆమెకు తెలియదా, బడి మానేసినదాన్ని నేను చెప్పేదేమిటి అనుకున్నాను.

పెద్దమ్మ "అన్నిటికీ అవును" మీద నొక్కింది.

తర్వాత నాన్న ఫైలు తెరిచింది. ఫ్యాన్లు ఉన్నాయి, రోజూ తిరిగేవి. ఒకటే పేజీ. పెన్‌డ్రైవ్‌లోది తెరిచింది. అదే పేజీ. మూసి మళ్లీ తెరిచింది, ఈసారి వేరేగా ఉంటుందేమో అన్నట్టు.

స్క్రూ పరుగెత్తుకొచ్చాడు. ఈసారి అతని నోట్లో ఏమీ లేదు. చెరిగిపోయినవాటిని వెతికే ప్రోగ్రామ్ ఒకటి పెన్‌డ్రైవ్ మీద నడిపాడు. ఆరు వేల నాలుగు వందల ముక్కలు వచ్చాయి. పేర్లు లేవు, తేదీలు లేవు, వరస అంకెలే. సగం తెరుచుకోవు. తెరుచుకున్నవాటిలో చాలావాటికి అక్షరాల బదులు గళ్లు.

"ఇక ఒక్కోటీ చదువుకోవడమే పెద్దమ్మా," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఎనిమిది రోజులు చదివాం. ఆమె తెరిచేది, నేను నోటుబుక్కులో అంకె కొట్టేసేదాన్ని. ఎవరివో రాజీనామాలు, ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసులు, పోయినవాళ్ల వాంగ్మూలాల తునకలు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం తెర మీదికి నాన్న వచ్చాడు.

"దగ్గు ఆగనీ వదినా, చెప్తాను. ఫ్యాన్లు రెండేళ్లు ఆపేశారు. ఆపమన్నది ఎవరో నాకు తెలుసు. ఆ రోజు నేను"

అక్కడి నుంచి గళ్లు.

పెద్దమ్మ కుర్చీ నా వైపు తిప్పింది. "నువ్వూ ఇక్కడే ఉన్నావుగా. తర్వాత ఏమన్నాడు?"

అంతా చెప్పాను. ఆమె వేళ్లు మీటల మీదే ఉన్నాయి, కదల్లేదు.

"కొట్టొచ్చుగా పెద్దమ్మా. నాన్న మాటలేగా."

"మీ నాన్న ఇప్పుడు నా ఎదుట లేడే. ఉన్నది నువ్వు. నీ పేరు మీద కొడతాను. స్టూలు మీద కూర్చో. గొణక్కు, గట్టిగా చెప్పు."

కూర్చున్నాను. ముందు నలభై ఒకటి, పదహారు సంగతి చెప్పాను. చూశాననీ, నోరు విప్పలేదనీ. టకటక ఆగలేదు. నాన్న మాటలు కూడా చెప్పడం అయ్యాక పెద్దమ్మ తెరను పైకి జరిపి, నలభై ఒకటి, పదహారు ఉన్న చోట ఆగింది.

"ఈ ముక్క ఉంచనా, తీసేయనా?"

"ఉంచు."

ఆమె లేచి కిటికీ దగ్గర నిలబడింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

విచారణాధికారి నా కాగితం చదివి, విన్న మాటకు విలువ లేదని పక్కన పెట్టాడు. పేరు లేని ముక్క ఎవరిదైనా కావచ్చన్నాడు. నాన్న సంతకం ఉన్న పేజీ చదివించాడు. ఫ్యాన్లు రోజూ తిరిగేవని నాన్న అన్నట్టే రికార్డులో ఉంది. ఇక అలాగే ఉంటుంది.

పెద్దమ్మ ఇప్పటికీ శనివారం కాపీ చేస్తుంది. ఆ చిన్న గడి రాగానే ఆగుతుంది. వెనక్కి తిరగదు.

"చూశావా?"

"చూశాను."

"ఏమైనా చెప్పాలా?"

నేను రెండు అంకెలూ పైకి చదువుతాను. అప్పుడు నొక్కుతుంది.