నలభై ఆటల మధ్య ఎర్రగుర్రం

మొన్న మా నాగర్‌కర్నూల్ బస్టాండులో వనపర్తి బస్సు కోసం నిలబడి ఉంటే, ఒకప్పుడు నాతోపాటు పాన్‌గల్ వైపు పల్లెల్లో నర్సమ్మగా పనిచేసి, నా తరువాత రెండేళ్లకు రిటైరైన స్నేహితురాలు కలిసింది. మోకాళ్ల నొప్పుల సంగతి అయ్యాక సంచిలోంచి ఫోను తీసి, తాను చదరంగం నేర్చుకున్నాననీ, ఒకేసారి యాభై మందితో ఆడుతున్నాననీ, ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఎత్తు వేసి పక్కకు తోసేస్తే పొద్దు ఇట్టే గడిచిపోతుందనీ మురిసిపోతూ చెప్పింది. నాకు ఒళ్లు మండింది. అంతమందితో ఆడేటప్పుడు పాటించవలసిన మర్యాద ఒకటి ఉంటుంది, తెలుసునా అని అడగబోయి, అన్నీ తెలిసి నేను చేసిన నిర్వాకం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. బస్సెక్కినా కుదురు లేదు, తిరిగి ఇంటికొచ్చినా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా పుట్టిల్లు ఇటిక్యాల. మా నాయనకు సేద్యం తరువాత తెలిసిన పని చదరంగం ఒక్కటే. చేలు ఖాళీగా ఉండే ఎండాకాలంలో అన్ననూ నన్నూ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఆడించేవాడు. కర్రపావుల్లో నల్లగుర్రం ఒకటి ఎక్కడో పోతే, నాయన ఇంకొకటి చెక్కి, నల్లరంగు దొరక్క ఎద్దుల కొమ్ములకు పూసే ఎర్రరంగు దానికి పూశాడు. ఆ ఎర్రగుర్రం కోసం అన్న ఎప్పుడూ నల్లపావులే తీసుకునేవాడు, నేను ఏడ్చినా ఇచ్చేవాడు కాదు. నాయన పెట్టిన కట్టుబాట్లు గట్టివి. ముట్టిన పావును కదపాల్సిందే. ఎదుటివాళ్లు ఆలోచిస్తుంటే తొందర పెట్టకూడదు. ఓడిపోయామని తెలిస్తే మన రాజును మన చేత్తోనే పడుకోబెట్టి, అయిపోయింది అని నోటితో చెప్పి అప్పుడు లేవాలి. చెప్పకుండా మధ్యలో లేస్తే, తింటూ తింటూ విస్తరి ముందు నుంచి లేచిపోయినంత తప్పు అనేవాడు.

మా అన్న ఆ తప్పు నిజం విస్తరి ముందే చేశాడు, అదీ మా ఇంట్లో. మా గృహప్రవేశం నాడు మావారి ఆఫీసు వాళ్లను మొదటి బంతిలో కూర్చోబెట్టి, నాకూ మావారికీ బట్టలు పట్టుకొచ్చిన అన్నను రెండో బంతికి ఆపారు. ఆ రెండో బంతిలోనూ పప్పు వడ్డించేలోపే ఎవరో వచ్చి, సార్లు ఇంకా ఇద్దరొచ్చారు, కొంచెం జరగమన్నారు. అన్న జరగలేదు, లేచాడు. గేటు దాటి పోతుంటే నేను వడ్డనగిన్నె చేత్తో పట్టుకుని చూశాను. పరుగెత్తి చెయ్యి పట్టుకోవలసిన దాన్ని, మావారి పరువు పోయిందన్న మంటలో, పోతే పోనీ అన్నాను, వాడికి వినపడేటట్టే అన్నాను. ఆ తరువాత ఆరేళ్లు మా మధ్య మాట లేదు.

రిటైరయ్యాక నాకు చేతులు ఊరుకునేవి కావు. ఏళ్ల తరబడి పొద్దున్నే బస్సు పట్టుకుని, మందుల పెట్టె భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగిన మనిషిని ఒక్కసారిగా వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెడితే ఏమవుతుంది? ఫోనులో చదరంగం దొరికింది. ఒక్కొక్క ఎత్తుకు మూడు రోజుల గడువు ఉండే ఆటలవి. ఒకటి పెట్టుకుంటే ఎదుటివాళ్లు వేసేదాకా ఏం చేయాలో తోచదు, రెండోది పెట్టుకున్నాను, తరువాత పది, తరువాత నలభై. అన్నం ఉడికేలోపు నాలుగు ఎత్తులు, కుక్కరు దించేలోపు ఇంకో రెండు. ఒకసారి తికమకపడి, అప్పుడే ఆట మొదలుపెట్టిన వాళ్లకు ఆడినందుకు ధన్యవాదాలనీ, ఓడిపోయి పోతున్న వాళ్లకు నమస్తే, రండనీ రాసి పంపాను.

ఆ ఆటలకూ మర్యాదలున్నాయి, నెమ్మదిగా తెలిశాయి. మొదట పలకరించాలి. గెలిచే ఆటల్లో చకచకా వేస్తూ, ఓడే ఆటల్ని గడువు చివరిదాకా నానబెట్టకూడదు. ఊరికి పోతే ముందే చెప్పాలి. అన్నిటికన్నా పెద్ద మర్యాద, పాత ఆటలో ఒక మనిషి మన కోసం కాచుకుని ఉండగా కొత్తవాళ్లను పిలవకూడదు. ఇవన్నీ నేను పదిమందికి పాఠం చెప్పినదాన్నే.

ఒకనాడు ఎర్రగుర్రం అనే పేరుతో ఎవరో ఆటకు పిలిచారు. తెల్లపావులు నావి, నల్లవి వాళ్లవి. చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టి చాలాసేపు ఆ పేరునే చూశాను. గద్వాలలో ఉద్యోగం చేసే మేనకోడలు నాతో అప్పుడప్పుడు మాట్లాడేది, నా ఆట పేరు వాళ్ల నాయనకు చెప్పింది ఆ పిల్లే. నేను పలకరించలేదు, వాడూ పలకరించలేదు. కానీ రోజూ తెల్లవారి ఐదింటికి, చేనికి పోకముందే, అన్న ఎత్తు వచ్చి ఉండేది. నేను ముఖం కడుక్కుని దానికి జవాబు వేసేదాన్ని. మిగతా ముప్పై తొమ్మిదీ ఆ తరువాతే. అట్లా రెండు నెలలు గడిచాయి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, నేను గెలుస్తున్నాను. ఇంకో రెండు ఎత్తుల్లో వాడి మంత్రి పోతుంది, ఆ వెనుకే రాజు. ఆట అయిపోతే మా అన్న మళ్లీ పిలుస్తాడా? వాడి పంతం నాకు తెల్వదా. కాబట్టి సాగదీద్దామనుకున్నాను. ఆదివారం తెల్లవారి వాడు వేసిన ఎత్తుకు నేను వెంటనే జవాబు వేయలేదు. మూడొద్దులు ఉన్నాయి కదా, సోమ, మంగళ, బుధ, బుధవారం పొద్దుగూకేలోపు వేస్తే చాలునని మనవాళ్లు లెక్కపెట్టినట్టే లెక్కపెట్టుకున్నాను. ఫోనుకు ఒద్దుల లెక్క ఏం తెలుసు, అది గంటలు లెక్కపెడుతుంది. బుధవారం ఐదింటికే గడువు తీరిపోయి, నేను లేచి చూసేసరికి ఎర్రగుర్రం గెలిచినట్టు రాసి ఉంది.

చెప్పకుండా మధ్యలో లేచిపోయిన మనిషి ఇప్పుడు నేను. విస్తరి ముందు నుంచి లేచినందుకు చెల్లె బదులు తీర్చుకుందనే అన్న అనుకుంటాడు. ఫోను చేస్తే ఒక్క మాటతో పోయేది, ఆ మాట ఆరేళ్లుగా గొంతులోనే ఉండిపోయి బయటికి రాలేదు. కొత్త ఆటకు పిలుపు మాత్రం పంపాను. ఒప్పుకున్నాడేమోనని క్షణానికోసారి చూడటం, ఒప్పుకోలేదని తెలిసి ఆ పరేషాన్ మరిచిపోవడానికి పక్క ఆటలో ఎత్తు వేయడం, ఇంకా నిలవలేక ఇంకో కొత్త మనిషిని పిలవడం. బుధవారమంతా అదే పని, గురువారమంతా అదే పని, వాకిట్లో కుర్చీలో, తల వంచుకుని.

పది రోజులకు మేనకోడలు ఫోను చేసింది.

"అత్తా, నాయన మీ ఇంటికాడికి వచ్చిండంట, నీకు తెల్వదా?"

ఆటలో నా ఎత్తు రాకపోయేసరికి వాడు కోపం తెచ్చుకోలేదట. చెల్లెకేమైందో, దవాఖానల పడిందో ఏమో అని బుధవారమంతా నిలవలేక తిరిగి, గురువారం పొద్దున్నే బస్సెక్కి నాగర్‌కర్నూల్‌లో దిగి, ఆటోలో మా వీధికి వచ్చాడట. నేను వాకిట్లోనే ఉన్నానట.

అప్పుడు చేశాను ఫోను. ఏడుపు తప్ప ఏమీ రాలేదు. వాడే మాట్లాడాడు.

"ఏడుస్తవెందుకే, మంచిగనే ఉంటివి గద. ఫోన్ల ఆడుకుంటున్నవు. తల ఎత్తుతవేమోనని జరసేపు గేటుకాడ నిలబడ్డ. ఎత్తకపోతివి."

అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజే నలభై మందికీ క్షమించమని రాసి, గెలుస్తున్న ఆటలతో సహా అన్నిట్లోనూ ఓటమి ఒప్పుకుని బయటపడ్డాను. అన్నకు పంపిన పిలుపు ఒక్కటే ఉంచాను. దాని సంగతి అడిగితే, "మాట్లాడుకుంటున్నం గద చెల్లె, ఇగ ఆటెందుకు?" అన్నాడు.

మన కాలంలో ఆటకు ఎదురుగా ఒక్కరే కూర్చునేవారు, తల వంచుకున్నా వాళ్ల చెయ్యి కనిపించేది, ఊపిరి వినిపించేది. ఇప్పుడు నలభై మంది ఒక్క అరచేతిలోకి వస్తారు, ఎవరు కాచుకున్నారో, ఎవరు లేచి వెళ్లారో తెలియదు. మాట లేని ఆ రెండు నెలలు మా అన్న ప్రతి తెల్లవారీ నేనేం వేశానో చూసి, నా మనసులో ఏముందోనని ఆలోచించి, ఆ తరువాతే చేనికి పోయేవాడు. మాట కలిసిన ఈ రోజుల్లో వాన పడితే ఒకసారి, పత్తి ఏరితే ఒకసారి ఫోను చేస్తాడు. మంచిగున్నవా అంటాడు, మంచిగున్న అంటాను, ఇంకేమని అడగాలో ఇద్దరికీ తోచదు. ఉంట మరి అని పెట్టేస్తాడు.