జింకకు జాకెట్ ఉండదు
మదీనత్ ఖలీఫాలో నేను కారు నడిపే ఇంటి అరబ్బు యజమాని, వేటకని దూరం కొలిచే చిన్న లేజర్ యంత్రం కొన్నాడు. అది సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలని నన్ను ఎడారికి తీసుకెళ్ళాడు. తను కారు దగ్గరే ఉండి నన్ను దూరంగా నడవమన్నాడు. కారులో ఉండే రేడియం జాకెట్ వేసుకుంటే ఎనిమిది వందల మీటర్ల దూరంలోనూ యంత్రంలో అంకె వచ్చిందట.

"జాకెట్ తీసెయ్. జింకకు జాకెట్ ఉండదు" అన్నాడు ఫోన్లో. తీసేశాను.

వెనక్కి వచ్చి చూస్తే, యంత్రం తుపాకీకి బిగించి ఉంది. గంటసేపు ఆ గొట్టానికి ఎదురుగా నిలబడి, వెర్రివెధవలా చెయ్యి కూడా ఊపాను.

"మాఫీ ముష్కిల్, గోలీ నహీ" అన్నాడు, ఏం ఫరవాలేదు, తూటా లేదని.

ఆ మాట అన్నాకే తుపాకీ తెరిచి చూశాడు.