వెలుతురుకెత్తిన సీసా

ఒకప్పుడు మా గూడూరుకు అభ్రకమే అన్నం పెట్టింది. ఆ అన్నంలో కాస్త అభ్రకం కూడా ఉండేది. అమ్మ జడలోంచి, కొంగులోంచి రాలిన తునకలు కంచంలో తళుక్కుమనేవి. నేను సణుగుతూ ఏరి పారేస్తుంటే అమ్మ నవ్వేది.

"మెరిసే కూడు ఎవరికి దొరుకుద్దిమే?" అనేది.

అమ్మది అభ్రకం షెడ్డులో పని. దిమ్మను కత్తితో రేకులుగా చీల్చాలి. ఒక్కో రేకునూ కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, మచ్చ ఉన్నవి ఒక బుట్టలో, లేనివి మరో బుట్టలో వెయ్యాలి. నాన్న నా చిన్నప్పుడే పోయాడు కాబట్టి ఇంట్లో మేమిద్దరమే.

అరవైల్లో పైదేశాలవాళ్లు సరుకు కొనడం తగ్గించారన్నారు. షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పని వదిలే వేళ ఇసకేస్తే రాలని రోడ్డు మీద మేకలు కాళ్లు చాపుకుని పడుకున్నాయి. చివరికి అమ్మ షెడ్డుకూ తాళం పడింది. నిజం చెప్పొద్దూ, నాకు ఊరి మీద బెంగ లేదు. బెంగంతా నా తొమ్మిదో తరగతి మీదే. అమ్మకు వేరే పని దొరక్కపోతే విడవలూరులో అమ్మమ్మ దగ్గరికి పోయి ఇద్దరం నాట్లకు దిగాలి.

మా పాస్టరుగారు చెప్పగా, మిషన్ ఆసుపత్రివాళ్లు అమ్మ పని వారం రోజులు చూస్తామన్నారు. అక్కడ సెలైను వాళ్లే తయారుచేసుకునేవారు. వాడిన సీసాలు కడగడం అమ్మ పని.

నాలుగో రోజు అన్నం క్యారియరు పట్టుకుని వెళ్లేసరికి పెద్ద నర్సమ్మ కేకలేస్తోంది.

"ఏందమ్మా ఇది? కడగమంటే, నింపి పెట్టిన సీసాలు గూడా ఏరి పక్కన పెట్టినావు! వార్డుకు ఏం పంపేది నేను?"

"మచ్చ ఉందమ్మగారూ," అంది అమ్మ, చేతిలో సీసాను కిటికీకేసి ఎత్తి.

"ఇదేమన్నా అభ్రకం షెడ్డా?"

అమ్మ మీద నాకు ఒళ్లు మండిపోయింది. నోరు మూసుకుని కడిగితే ఏం పోయింది? విడవలూరు బురద అప్పుడే నా మోకాళ్లదాకా వచ్చేసినట్టనిపించింది.

గోలకు డాక్టరమ్మ బయటికొచ్చింది. సీసా అందుకుని చూసింది. ఏమీ కనబడలేదు.

"అట్టా కాదమ్మగారూ, రవ్వంత వాల్చి తిప్పండి," అంది అమ్మ, షెడ్డులో కొత్తవాళ్లకు నేర్పినట్టే.

డాక్టరమ్మ తిప్పింది. అడుగునుంచి సన్నటి రబ్బరు తునక ఒకటి పైకి లేచింది. ఆమె ఇంకో సీసా తీసింది, తర్వాత ఇంకోటి. వాటిల్లోనూ తునకలే.

"ఇవి మనుషుల నరాల్లోకి పోయేవి," అంది డాక్టరమ్మ మెల్లగా. "ఇకమీదట ప్రతి సీసా ఈమె చూసినాకే వార్డుకు పోవాల."

క్యారియరు ఒళ్లో పెట్టుకుని మెట్టు మీదే కూలబడ్డాను. అమ్మ నా వైపు తిరిగింది.

"ఇంకా ఈడనే కూర్చున్నావేందిమే? బళ్లోకి పో."

పరిగెత్తాను. ఆ మధ్యాహ్నం భూగోళం పాఠం. అయ్యవారు నన్నే లేపి చదవమన్నారు. మా ఊరు అభ్రకానికి పేరుపొందినదనీ, వేలమందికి అక్కడ పని దొరుకుతోందనీ పుస్తకంలో ఉంది. బయట రోడ్డు మీద మేకలు అరుస్తున్నాయి. ఆ అబద్ధాన్ని నేను గొంతెత్తి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, మహా ఆనందంగా చదివాను.