నాయన వీపు మీద కాలు

నల్లప్ప చెక్కిన రాతి మీద ఎవరూ కాలు పెట్టరు. పెనుకొండలో రాతిపని ఆయనది. హిందూపురంలో ఒక కాలేజీ వరండాలో దీపం, పుస్తకం ఉన్న గుర్తును నేలలో పొదిగింది ఆయనే. తొక్కితే పరీక్ష పోతుందని పిల్లలు దాని చుట్టూ తిరిగి పోతారు. ధర్మవరం నేతగాళ్ళ సంఘం వాకిట్లో మగ్గంలో నూలు అటూ ఇటూ ఆడించే నాడె గుర్తు చెక్కిందీ ఆయనే. పొరపాటున కాలు తగిలితే ఎంత పెద్దమనిషైనా వంగి, తాకి, కళ్ళకద్దుకోవాల్సిందే. అది చూసినప్పుడల్లా నల్లప్ప చెయ్యి మీసం మీదికి పోయేది. పోదా మరి!

ఆయన నాయన ఓబుళప్పదీ అదే పని. కోరిక మాత్రం దీనికి పూర్తిగా ఎదురు. సోమందేపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆంజనేయస్వామి గుడికి కొత్త బండలు పరుస్తుంటే కొడుకును పిలిచాడు.

"స్వామి ముందర నేలలో నా బొమ్మ చెక్కురా, సాష్టాంగం పడినట్ల. పాత గుళ్ళల్లో ఉంటాయి చూడు, అట్ల. మొక్కేకి వచ్చినోళ్ళ పాదాలు నా వీపు మీద పడల్ల. అంతకన్నా నాకేం వద్దు."

ఆ పాత బొమ్మలకు మొహం పెద్దగా తెలియదు. ఎవరో భక్తుడు, అంతే. నల్లప్ప ఊరుకుంటాడా? పనితనమంతా చూపించాడు. నాయన వంకర ముక్కు, సాగిన చెవితమ్మె, మెడ మీద మడత, అన్నీ దించేశాడు. చూసినోళ్ళంతా "అచ్చం ఓబుళప్పే!" అని నోరు తెరిచారు.

అక్కడే కొంప మునిగింది. ఓబుళప్పని తెలిశాక తొక్కేదెవరు? పూజారి సుబ్బన్న కూడా పక్కకు తప్పుకుని పోతున్నాడు. "పెద్దాయన మీద కాలెట్ల పెడుదునప్పా, కండ్లు పోవూ!" అని పూలమ్మే తిప్పమ్మ చెంపలేసుకుంది. ఒక శనివారం ఎవరో ఆ బొమ్మకు కుంకుమ పెట్టి, బంతిపూలు కూడా వేశారు.

రోజూ గోడకు ఆనుకుని ఇదంతా చూస్తున్న ముసలాయన ఆ రోజు భగ్గుమన్నాడు.

"బతికుండంగానే పూలేస్తారేమప్పా! నేనేమన్నా దేవుణ్ణా?" అని అరిచి, కొడుకు వైపు తిరిగేసరికి గొంతు దిగిపోయింది. "ఒక్క పాదం గూడా పళ్ళేదురా నల్లా. నేనుండంగా పడేటట్ల లేదు. ఉలి తెచ్చి ఆ మొహం తీసెయ్."

ఉలి తెచ్చాడు. పూలు పక్కకు తీసి, వంకర ముక్కు మీద మొన ఆనించాడు. సుత్తి ఎత్తాడు గానీ చెయ్యి దిగలేదు. నాయన మొహాన్ని నాయన ముందరే పగలగొట్టడమా? ఏ కొడుకు వల్ల అవుతుంది? నల్లప్పకు ఏడుపొచ్చింది. ఇంత బాగా చెక్కినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

సుత్తి కింద పెట్టి లేచాడు. మిగిలింది ఒకటే దారి. కొడుకే తొక్కితే ఇంక మిగతావాళ్ళకు అడ్డేముంటుంది? నిద్రలో నాయనకు కాలు తగిలినా లేచి మొక్కుకునే మనిషి, కుడికాలు ఎత్తి ఆ రాతి వీపు మీద మోపాడు. "అయ్యో!" అంది తిప్పమ్మ. తిట్టు పడినా దెబ్బ పడినా సరే అని నల్లప్ప కండ్లు మూసుకున్నాడు.

"రెండో కాలు గూడా పెట్రా నాయనా," అన్నాడు ఓబుళప్ప. "బరువు తెలియల్ల."